సైజు భుజానికి, చేర్పు ఛాతీకి: నిండైన ఛాతీకి ప్యాటర్న్ సరిచేసుకునే పద్ధతి

బొత్తాలన్నీ పెట్టుకున్నాక రెండో బొత్తానికీ మూడోదానికీ మధ్య బట్ట కన్ను తెరిచినట్టు విడిపోతుంది. ఈసారి ఒక సైజు పెద్దది కత్తిరిద్దాం అనుకుంటాం, కత్తిరిస్తాం కూడా. బొత్తాల దగ్గర సరిపోతుంది. కానీ భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, మెడ వదులై లోపలి స్ట్రాప్ కనబడుతుంది, చంక కింద బట్ట సంచిలా వేలాడుతుంది. సరే, పక్కలు కాస్త లోపలికి పడదామని పడితే ఛాతీ మళ్లీ బిగుస్తుంది. నేను ఈ గానుగ చుట్టూ నాలుగేళ్లు తిరిగాను.

సైజు పెరిగితే ప్యాటర్న్, అంటే బట్ట కత్తిరించడానికి పెట్టుకునే కాగితపు అచ్చు, ఒక్క ఛాతీ దగ్గరే పెరగదు. మెడ, భుజం, చంక రౌండ్, వీపు అన్నీ కలిసి పెరుగుతాయి. ఛాతీ నిండుగా ఉన్నంత మాత్రాన భుజాలు వెడల్పు కావు, వీపు పెద్దది కాదు. మనకు కావలసిన అదనపు బట్ట ముందు భాగంలోనే, అదీ ఒక్క చోటే. అందుకని సైజు భుజాలకు సరిపోయేది ఎంచుకోవాలి. కొరత పడిన చోట మాత్రం కాగితాన్ని కోసి, తెరిచి, అక్కడికి కావలసినంత చేర్చాలి. దీన్నే ఫుల్ బస్ట్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. కుట్టేవాళ్ల మాటల్లో ఎఫ్‌బీఏ.

మొదటిసారి రెండు గంటలు పడుతుంది. మూడోసారికి అరగంటలో అయిపోతుంది.

ఇది మీకు అవసరమా?

చిన్న పరీక్ష. బల్ల మీద ఒక చేతిగుడ్డ పరిచి, దాని కింద గిన్నె బోర్లించండి. గుడ్డ నాలుగు అంచులూ లోపలికి జరుగుతాయి. అడ్డంగా మాత్రమే కాదు, నిలువునా జరుగుతాయి. ఛాతీ కూడా బట్టను అలాగే రెండు వైపులా లాక్కుంటుంది. వెడల్పు తక్కువైతే బొత్తాలు విడతాయి, పొడవు తక్కువైతే ముందు అంచు పైకి లేస్తుంది. పక్కల దగ్గర బట్ట చేర్చినంత మాత్రాన పని కాకపోవడానికి కారణం ఇదే. అది వెడల్పు ఇస్తుంది గానీ పొడవు ఇవ్వదు.

మీరు కుట్టుకున్న టాప్ ఒకటి వేసుకుని, అద్దం ముందు పక్కకు తిరిగి చూడండి. ఛాతీ కొన నుంచి చంక వైపు ఏటవాలుగా ముడతలు లాగుతున్నాయా? ముందు అంచు వెనక అంచు కంటే ఎత్తుగా ఉందా? పక్క కుట్టు నిటారుగా దిగకుండా ఛాతీ దగ్గర ముందుకు వంగిందా? చేతుల్లేని టాప్ అయితే చంక దగ్గర ముందు వైపు బట్ట నోరు తెరిచిందా? వీటిలో రెండు కనబడినా ఈ సవరణ మీకు కావాలి. మెడ ఒక్కటే వదులుగా ఉండి మిగతాదంతా బాగుంటే అది వేరే జబ్బు, దానికి మందు ఇక్కడ లేదు.

కొలతలు, లెక్క

ఆ బట్ట కింద ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని కొలవండి. బ్రా మారితే ఛాతీ కొన అంగుళం కిందకో మీదకో మారుతుంది, అప్పుడు చేసిన పనంతా వృథా.

అప్పర్ చెస్ట్: టేపును చంకల్లోంచి తీసి, ఛాతీ నిండుదనానికి పైన, వీపు మీదుగా చుట్టండి. చేతులు దించేసి, టేపు కాస్త బిగువుగా పట్టి చూడండి.

బస్ట్: నిండుగా ఉన్న చోట, టేపు నేలకు సమాంతరంగా. వెనక జారిపోకుండా ఇంకొకరు పట్టుకుంటే మంచిది. ఇక్కడ బిగించకూడదు.

మరో రెండు కొలతలు చాలామంది వదిలేస్తారు. మెడ పక్కన భుజం మొదలయ్యే చోటి నుంచి ఛాతీ కొన వరకు ఒకటి, ఒక కొన నుంచి రెండో కొన వరకు ఒకటి. బట్ట ఎంత చేర్చాలో మొదటి రెండూ చెబుతాయి, ఎక్కడ చేర్చాలో ఇవి చెబుతాయి.

కాగితపు ప్యాటర్న్ కంపెనీల్లో ఎక్కువ భాగం బి కప్‌కు గీస్తాయి. అంటే అప్పర్ చెస్ట్ కంటే బస్ట్ 2 అంగుళాలు ఎక్కువ ఉంటుందని వాళ్ల లెక్క. తేడా 3 అంగుళాలైతే సి, 4 అయితే డి. ఇది ప్యాటర్న్ కప్, బ్రా కప్‌తో దీన్ని కలపకండి. బ్రా లెక్క ఛాతీ కింది చుట్టుకొలత నుంచి మొదలవుతుంది కాబట్టి డి కప్ బ్రా వేసుకునేవాళ్లకు ప్యాటర్న్‌లో సి సరిపోవచ్చు. మీ బ్రా మీది అక్షరం ఇక్కడ పనికిరాదు, టేపే ప్రమాణం.

ఉదాహరణకు అప్పర్ చెస్ట్ 36, బస్ట్ 40 అనుకుందాం. 36కి 2 కలిపితే 38. కాబట్టి ప్యాటర్న్ కవరు మీది పట్టికలో బస్ట్ 38 ఉన్న సైజు మీది. 40 ఉన్న సైజు వైపు చూడొద్దు. ఇప్పుడు 40 నుంచి 38 తీసేస్తే 2 అంగుళాల కొరత. ప్యాటర్న్‌లో ముందు ముక్క సగమే ఉంటుంది, మడత మీద పెట్టి కత్తిరిస్తాం, లేదా రెండు ముక్కలు తీస్తాం. అందుకని కాగితం మీద చేర్చవలసింది 1 అంగుళమే. నేను మొదటిసారి మొత్తం 2 అంగుళాలూ సగం ముక్క మీదే వేసేశాను. వేసుకుంటే ఇంకొకరికి కూడా చోటుంది అందులో.

ఆ కంపెనీ సి కప్‌కో డి కప్‌కో గీస్తామని చెబితే, అప్పర్ చెస్ట్‌కు 2 బదులు 3 గానీ 4 గానీ కలిపి సైజు చూసుకోండి. పోల్చేటప్పుడు ఒంటి కొలతను పట్టికలోని ఒంటి కొలతతోనే పోల్చాలి. కుట్టాక బట్ట కొలత ఎంతో కొన్ని ప్యాటర్న్‌ల మీద విడిగా వేస్తారు. అందులో లూజు కలిసి ఉంటుంది, దాంతో లెక్క వేస్తే కొరత లేనట్టే కనిపిస్తుంది.

ఆది బ్లౌజ్ పెట్టి గీసుకునే అలవాటున్నవాళ్లకు ఒక మాట. ఆది మీద భుజం, మెడ నమ్మొచ్చు. ఛాతీ దగ్గర మాత్రం ఆదిలో ఉన్న తప్పంతా కొత్తదానిలోకి వచ్చి కూర్చుంటుంది.

కాగితం సిద్ధం చేసుకోవడం

అసలు ప్యాటర్న్‌ను కోయకండి. ముందు ముక్కను వేరే కాగితం మీద దించుకోండి. ట్రేసింగ్ పేపర్ ఉంటే హాయి, లేకపోతే ఏ పల్చటి కాగితమైనా సరే. పొడవాటి స్కేలు, పెన్సిల్, కత్తెర, అంటించే టేపు, కింద అతికించడానికి ఇంకో రెండు కాగితాలు ఉంటే చాలు.

దించుకున్న ముక్క మీద కుట్టు గీతలు గీయాలి. చాలా అమెరికన్ ప్యాటర్న్‌లలో కుట్టు మార్జిన్ ఐదెనిమిదో వంతు అంగుళం, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. మీ ప్యాటర్న్‌లో ఎంతుందో చూసి, అంచు నుంచి అంత లోపలికి గీత గీయండి. చంక దగ్గర, పక్క కుట్టు దగ్గర ఇది తప్పనిసరి. మనం తిప్పబోయే కీలు కాగితం అంచు మీద ఉండదు, ఈ గీత మీద ఉంటుంది. నిలువు పోగు గీత (బట్ట పోగు ఎటు ఉండాలో చూపేది), డాట్ గుర్తులు (డాట్ అంటే వంపు కోసం బట్టను కొన తేలేలా మడిచి వేసే కుట్టు), చంక దగ్గరి నాచ్ (ముక్కలు కలపడానికి అంచు మీద ఉండే గుర్తు) కూడా దించుకోండి.

తర్వాత బస్ట్ పాయింట్, అంటే కాగితం మీద ఛాతీ కొన వచ్చే చోటు. చాలామంది పొరబడేది ఇక్కడే. కాగితం మీద డాట్ కొన ఉన్న చోటు బస్ట్ పాయింట్ కాదు. డాట్ మామూలుగా దానికి అంగుళం ఇవతలే ఆగుతుంది. మీ కొలతలతో గుర్తు పెట్టుకోండి. భుజం కుట్టు గీత మెడ దగ్గర మొదలయ్యే చోటి నుంచి మీ కొలతంత కిందికి రావాలి. ముందు మధ్య గీత నుంచి రెండు కొనల మధ్య దూరంలో సగం పక్కకు వెళ్లాలి. ఆ రెండూ కలిసిన చోట చుక్క. నమ్మకం లేకపోతే కాగితాన్ని భుజం దగ్గర గుండుసూదితో ఒంటి మీది బట్టకు గుచ్చి, అద్దంలో చూసి చుక్క సరిచేసుకోండి.

ప్యాటర్న్‌లోని డాట్ ఈ చుక్క వైపే చూస్తోందా? డాట్ మధ్య గీతను స్కేలుతో పొడిగించి చూడండి. చుక్కకు అంగుళం పైనో కిందో పోతుంటే ముందు డాట్‌ను జరపాలి. డాట్ చుట్టూ పెట్టెలా గీత గీసి, ఆ పెట్టెను కోసి, కావలసినంత కిందికో పైకో జరిపి అతికించండి. పక్క అంచు మళ్లీ కలపండి. చేర్పు మొదలుపెట్టక ముందే ఇది చేసుకోవాలి. తర్వాత చేద్దామంటే డాట్ పెద్దదై ఉంటుంది, తలనొప్పి.

గీతలు గీయడం

బస్ట్ పాయింట్ నుంచి నిటారుగా కింది అంచు దాకా గీత గీయండి. నిలువు పోగు గీతకు సమాంతరంగా ఉండాలి. ఇది ఒకటో గీత.

మళ్లీ బస్ట్ పాయింట్ నుంచే చంక వైపు ఏటవాలుగా రెండో గీత. చంక రౌండ్‌లో కింది నుంచి మూడో వంతు ఎత్తులో తాకాలి, నాచ్ ఉంటే దాదాపు అక్కడికే వస్తుంది. మరీ పైకి పెడితే చంక ఆకారం పాడవుతుంది.

మూడోది, పక్క కుట్టు నుంచి డాట్ మధ్యలోంచి బస్ట్ పాయింట్ దాకా.

నాలుగో గీత బస్ట్ పాయింట్‌కు కింద ఎక్కడైనా, ముందు మధ్య గీత నుంచి ఒకటో గీత దాకా అడ్డంగా. దీని అవసరం చివర్లో వస్తుంది.

కోయడం, తెరవడం

కత్తెరను కింది అంచు నుంచి ఒకటో గీత మీదుగా పైకి తీసుకెళ్లి, బస్ట్ పాయింట్ దగ్గర ఆపకుండా రెండో గీత మీదికి తిప్పండి. చంక కుట్టు గీతకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) దూరంలో ఆగాలి. ఇప్పుడు అవతలి వైపు నుంచి, అంటే చంక అంచు నుంచి మార్జిన్‌లో చిన్న గాటు పెట్టండి. అది కూడా కుట్టు గీత దాకానే. రెండు కోతల మధ్య మిగిలిన ఆ చిన్న కాగితం తునకే కీలు. అది తెగిపోతే భయపడకండి, చిన్న టేపు ముక్క అతికించి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాకు ఇప్పటికీ రెండుసార్లలో ఒకసారి తెగుతుంది.

మూడో గీతను పక్క కుట్టు వైపు నుంచి కోస్తూ వచ్చి బస్ట్ పాయింట్‌కు ముందే ఆపండి. అక్కడ రెండో కీలు.

కింద పెద్ద కాగితం పరిచి, ముందు మధ్య భాగాన్ని దాని మీద టేపుతో కదలకుండా అంటించండి. పక్క భాగాన్ని పట్టుకుని నెమ్మదిగా బయటికి జరపండి. చంక దగ్గరి కీలు మీద పైభాగం తలుపులా తిరుగుతుంది, డాట్ దానంతట అదే నోరు తెరుస్తుంది. బస్ట్ పాయింట్ దగ్గర రెండు అంచుల మధ్య ఎడం సరిగ్గా 1 అంగుళం, అంటే మీ లెక్కలో వచ్చినంత, అయ్యేదాకా జరపండి. అక్కడి నుంచి కింది అంచు దాకా ఆ ఎడం అంతా ఒకే వెడల్పులో ఉండాలి. పైన 1 అంగుళం, కింద ముప్పావు వచ్చిందంటే కింది ముక్క తిరిగిపోయిందన్నమాట. స్కేలు పెట్టి మూడు చోట్ల కొలిచి, అప్పుడే టేపు వేయండి.

ఇప్పుడు కాగితం వైపు చూస్తే రెండు సంగతులు కనబడతాయి. డాట్ బాగా వెడల్పయింది. పక్క ముక్క కింది అంచు మధ్య ముక్క కంటే కిందికి దిగింది. అంతా తప్పుపోయిందేమో అనిపిస్తుంది, తప్పు కాదు. కీలు మీద తిరిగిన ముక్క పక్కకు వెళ్తూ కిందికీ దిగుతుంది. ఛాతీ మీదుగా దిగడానికి కావలసిన పొడవు మనకు దొరికేది అక్కడే. ఎంత దిగుతుందో ఒక లెక్క చెబుతాను. కీలు నుంచి బస్ట్ పాయింట్ పక్కకు 3 అంగుళాలు, కిందికి 4 అంగుళాలు దూరంలో ఉన్న ప్యాటర్న్‌లో 1 అంగుళం తెరిస్తే, పక్క ముక్క అర అంగుళం పైన దిగుతుంది. డాట్ పక్క కుట్టు దగ్గర అంగుళం పావుకు పైనే పెరుగుతుంది.

మధ్య ముక్క ఇంకా పాత పొడవులోనే ఉంది. నాలుగో గీతను కోసి, కింది తునకను పక్క ముక్క కింది అంచుకు సమంగా వచ్చేదాకా కిందికి దించండి. ముందు మధ్య గీత నిటారుగానే ఉండాలి, తునక పక్కకు జరగకూడదు. ఈ మెట్టు మరిచిపోయి ఒకసారి పూల బట్ట కత్తిరించేశాను. ముందు అంచు మధ్యలో మెట్టులా వచ్చింది. మడత పట్టీ వేసి కప్పిపుచ్చాను గానీ నా కంటికి ఆ మెట్టు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

ఖాళీలన్నిటికీ కింద కాగితం ఉండేలా అతికించాక, చంక దగ్గర కుట్టు గీత ఎక్కడైనా విరిగినట్టుంటే చేత్తో నున్నగా కలపండి. ఆ గీత పొడవు మాత్రం మారదు. అందుకని చెయ్యి ముక్కను ముట్టుకోనక్కర్లేదు, పాత చెయ్యే ఎక్కుతుంది. పెద్ద సైజు కత్తిరిస్తే ఈ సుఖం లేదు.

కొత్త డాట్ గీయడం

బస్ట్ పాయింట్ ఇప్పుడు తెరిచిన ఎడం మధ్యలో ఉంటుంది. అక్కడ కొత్త చుక్క పెట్టండి. పక్క కుట్టు దగ్గర తెరుచుకున్న డాట్ మధ్య బిందువు నుంచి ఆ చుక్కకు గీత లాగితే అది డాట్ మధ్య గీత అవుతుంది. డాట్ కొనను ఆ గీత మీద చుక్కకు వెనక్కి జరపాలి. మామూలుగా అంగుళం చాలు. నిండైన ఛాతీకి ఒకటిన్నర, ఇంకా నిండుగా ఉంటే రెండు అంగుళాల దాకా జరిపితే బాగుంటుంది. చుక్క దాకా కుడితే అక్కడ బట్ట ముక్కులా పొడుచుకొస్తుంది.

డాట్ రెండు గీతలూ ఒకే పొడవు ఉన్నాయో లేదో కొలవండి. తర్వాత కాగితాన్ని కుట్టినట్టే మడిచి, మడతను కిందికి వాల్చి, పక్క కుట్టు అంచును స్కేలుతో గీసి, అలా మడిచి ఉండగానే కత్తిరించండి. విప్పితే డాట్ చివర చిన్న గోపురంలాంటి ఆకారం వస్తుంది. అది లేకుండా అంచును తిన్నగా కోసేస్తే డాట్ కుట్టాక పక్క కుట్టులో బట్ట చాలదు.

డాట్ మూసి ఉండగానే ముందు పక్క కుట్టును వెనక ముక్క పక్క కుట్టుతో పోల్చండి. రెండూ కచ్చితంగా సమానంగా ఉండాలి. ఇంత పని చేశాక ఈ ఒక్క కొలత సరిపోతే మిగతాదంతా సరిపోయినట్టే.

డాట్ నోరు 3 అంగుళాలు దాటితే ఒక్క డాట్‌గా కుట్టొద్దు, కొన దగ్గర కోన్‌లా నిలబడుతుంది. దాన్ని రెండు చిన్న డాట్‌లుగా విడగొట్టండి, లేదా కొంత నడుము డాట్‌లోకి తిప్పండి.

నడుము దగ్గర పెరిగినదాన్ని ఏం చేయాలి?

నిలువు ఎడం కింది అంచు దాకా 1 అంగుళం ఉంది కదా. అంటే నడుము దగ్గర కూడా రెండు వైపులా కలిపి 2 అంగుళాలు పెరిగింది. వదులు టాప్ అయితే వదిలేయండి, అందంగానే జారుతుంది. నడుముకు అంటి ఉండే బట్ట అయితే రెండు దారులున్నాయి. నడుము డాట్ ఉంటే దాన్ని అంత వెడల్పు చేయండి, లేకపోతే కొత్తగా ఒకటి వేయండి. లేదా పక్క కుట్టును డాట్ కింది నుంచి నడుము దాకా ఏటవాలుగా లోపలికి తీసుకురండి. నాకైతే డాటే ఇష్టం. పక్క కుట్టు మీదే అంతా తీసేస్తే పక్కలు వంకర తిరుగుతాయి.

నమూనా కుట్టి చూడండి

అసలు బట్టకు దగ్గరి బరువున్న పాత దుప్పటి ముక్క చాలు. ముందు, వెనక మాత్రమే కత్తిరించి, మెషిన్ మీద పొడుగు కుట్టుతో గానీ చేత్తో కచ్చా కుట్టుతో గానీ కలపండి. డాట్ కుట్టేటప్పుడు వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, కొన దగ్గరకు వచ్చేసరికి కుట్టు చిన్నది చేసి, బట్ట అంచు మీదుగా జారిపోనివ్వండి. కొన దగ్గర వెనక్కి కుట్టకుండా దారాలు ముడి వేయాలి. ఇస్త్రీ బల్ల మీద చదునుగా నొక్కొద్దు. తువ్వాలు గట్టిగా చుట్టి, దాని గుండ్రం మీద పరిచి డాట్‌ను కిందికి వాల్చి ఇస్త్రీ చేయండి.

వేసుకుని చేతులు ముందుకు చాపండి, వంగండి, కూర్చోండి. ముడతలు ఇంకా చంక వైపు లాగుతుంటే చేర్పు చాలలేదు, పావు అంగుళం పెంచి చూడండి. డాట్ కొన కింద బట్ట గుంట పడితే చేర్పు ఎక్కువైంది. కొన ఛాతీ మీద కాకుండా పక్కనో పైనో నిలిచిందంటే చేర్పు తప్పు కాదు, చుక్క తప్పు. చంక దగ్గర ముందు వైపు కొద్దిగా వదులు మిగిలితే, దాన్ని గుండుసూదితో మడిచి ఎంతో చూసి, కాగితం మీద అదే మడత వేసి బస్ట్ పాయింట్ వైపు తిప్పితే డాట్ ఇంకాస్త పెరుగుతుంది, చంక అణిగిపోతుంది.

బొత్తాల చొక్కా అయితే మొదటి గుర్తు బస్ట్ గీత మీదే పెట్టండి. మిగతా బొత్తాల దూరం అక్కడి నుంచి పైకీ కిందికీ పంచుకోవాలి. ఎఫ్‌బీఏ ఎంత బాగా చేసినా, రెండు బొత్తాల మధ్యలో ఛాతీ వస్తే అక్కడ కన్ను తెరుచుకుంటుంది.

చేర్పు మరీ ఎక్కువైతే

సగం ముక్క మీద ఒకటిన్నర, రెండు అంగుళాలు చేర్చవలసి వస్తే ఒక్క కీలు మీద అంత తిప్పడం చంకను వంకర చేస్తుంది. అప్పుడు బస్ట్ పాయింట్ నుంచి ఇంకో గీత భుజం కుట్టు మధ్యకు గీసి, అక్కడా ఒక కీలు పెట్టుకోండి. తెరిచేటప్పుడు చంక వైపు కొంత, భుజం వైపు కొంత తిరుగుతాయి. ఆకారం పక్షి కాళ్లలా విడిపోతుంది గానీ మిగతా పనంతా ఒకటే. భుజం కుట్టు చివర్లో స్కేలు పెట్టి తిన్నగా కలపడం మరవకండి.

డాట్ లేని ప్యాటర్న్‌లు

ముందు భాగంలో డాట్ లేకపోయినా గీతలు ఇవే. మూడో గీతను పక్క కుట్టు నుంచి, చంకకు రెండు మూడు అంగుళాల కిందుగా, బస్ట్ పాయింట్ దాకా మీరే గీసుకుంటారు. తెరిచాక అక్కడ కొత్త డాట్ పుడుతుంది. దాన్ని అలాగే ఉంచుకోవడం నా సలహా. డాట్ కనబడకూడదంటే దాన్ని కాగితం మీద మూసేసి, ఒకటో గీత కింద తెరుచుకోనివ్వండి. టాప్ కింద ఘేరు పెరుగుతుంది, వదులు బట్టలకు బాగుంటుంది, బిగుతు బట్టలకు బాగుండదు. సాగే నిట్ బట్ట అయితే చేర్పు తక్కువ చాలు. పుట్టిన చిన్న డాట్ అర అంగుళంలోపు ఉంటే పక్క కుట్టులో ఛాతీ దగ్గర ముందు బట్టను కొంచెం కొంచెంగా సర్ది కుట్టేయొచ్చు.

ప్రిన్సెస్ కట్

చంక నుంచో భుజం నుంచో ఛాతీ మీదుగా కిందికి దిగే కుట్టుతో ముందు భాగం మధ్య ముక్క, పక్క ముక్కగా విడిపోయే కట్ ఇది. ఇక్కడ డాట్ ఆ కుట్టులోనే దాక్కుని ఉంటుంది కాబట్టి పని వేరుగా ఉంటుంది. అర అంగుళంలోపు కొరతైతే పక్క ముక్క వంపును ఛాతీ దగ్గర అంత బయటికి ఉబ్బించి గీస్తే సరిపోతుంది. కుట్టు పొడవు పెరిగినంతా మధ్య ముక్కలోనూ బస్ట్ గీత దగ్గర అడ్డంగా కోసి చేర్చాలి.

అంతకు మించితే పక్క ముక్కను కోయాలి. కింది అంచు నుంచి బస్ట్ ఎత్తు దాకా నిటారుగా, అక్కడి నుంచి చంక కుట్టు గీత దాకా ఏటవాలుగా కోసి, చంక దగ్గర కీలు ఉంచండి. ప్రిన్సెస్ వంపు వైపు నుంచి బస్ట్ గీత మీద అడ్డంగా కోసి ఈ కోతను కలపండి. ఇప్పుడు పక్క కుట్టు ఉన్న భాగాన్ని కదలనివ్వకుండా, పై తునకను కీలు మీద లోపలికి, అంటే మధ్య వైపుకు, తిప్పండి. కింది తునక విడిగా ఉంటుంది. దాన్ని పక్క భాగానికి సమాంతరంగా మీ చేర్పంత దూరంలో, కింది అంచులు సమంగా ఉండేలా పెట్టి అంటించండి. వంపు వైపు రెండు తునకల మధ్య ఎడం వస్తుంది. ఆ ఎడాన్ని కుట్టు గీత మీద కొలిచి, మధ్య ముక్కను బస్ట్ గీత దగ్గర అడ్డంగా కోసి అంతే తెరవండి. రెండు ముక్కల కుట్టు గీతలనూ టేపు నిలబెట్టి కొలిచి చూడండి. పక్క ముక్క ఛాతీ వంపు దగ్గర ఒకటి రెండు నూలు ఎక్కువున్నా ఫరవాలేదు, కుట్టేటప్పుడు సర్దుకుంటుంది. తక్కువుంటే మాత్రం మళ్లీ గీయాల్సిందే.

లైనింగ్ ఉంటే ఆ ముందు ముక్కకూ ఇవే సవరణలు చేయాలి. మెడ, చంక పట్టీలు మాత్రం పాతవే సరిపోతాయి. సరిచేసిన కాగితం మీద అప్పర్ చెస్ట్, బస్ట్, ఎంత చేర్చారు, ఏ బ్రాతో కొలిచారు అన్నవి తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే ప్యాటర్న్ మళ్లీ తీసినప్పుడు ముందు ఆ రాత చూసి, టేపు తీసుకుని ఆ రెండు కొలతలూ ఇంకోసారి చూసుకున్నాకే కత్తెర పట్టండి.